ఒకే కారు, దేశానికో పేరు. మరి మన పేర్ల సంగతి?

ఈసారి పోస్ట్ ఒక కారు గురించి. మన గ్రూపులో కారు ముచ్చటేంది అనుకోకుండా చివరిదాకా చదవండి.

1990లలో ఖమ్మం, కొత్తగూడెం రోడ్ల మీద మారుతి ఎస్టీమ్ అంటే పెద్దోళ్ల బండి. మన గూడేలకు జీపులు, ట్రాక్టర్లు వచ్చేవి గానీ ఎస్టీమ్ వచ్చిందంటే ఎవరో ఆఫీసరో, కాంట్రాక్టరో అయ్యుండాలి. కానీ ఆ బండి పుట్టినప్పటి పేరు అది కాదు. 1983లో జపాన్‌లో సుజుకి కంపెనీ కల్టస్ అనే చిన్న కారు తెచ్చింది. దాని రెండో తరం బండికే వెనక డిక్కీ పెట్టి 1990లో మన దగ్గర మారుతి 1000 అని అమ్మారు. 970 సీసీ ఇంజిన్ ఆ బరువుకు చాల్లేదు. 1994లో 1.3 లీటర్ల ఇంజిన్ వేసి ఎస్టీమ్ అన్నారు. 2007 దాకా వచ్చింది.

బయటి దేశాల కథ ఇంకా పెద్దది. 1970లలో పెట్రోల్ రేట్లు పెరిగి అమెరికాలో చిన్న కార్లకు గిరాకీ వచ్చింది. జనరల్ మోటార్స్ 1981లో సుజుకిలో 5 శాతం వాటా కొని, ఈ కారునే తన పేర్లతో అమ్మింది. అమెరికాలో షెవర్లే స్ప్రింట్, 1989 నుంచి జియో మెట్రో. కెనడాలో పాంటియాక్ ఫైర్‌ఫ్లై, అంటే మిణుగురు పురుగు. ఆస్ట్రేలియాలో హోల్డెన్ బరీనా. యూరప్‌లో సుజుకి స్విఫ్ట్, అక్కడే సుబారు జస్టీ కూడా. పాకిస్తాన్‌లో ఖైబర్, మర్గల్లా అని వాళ్ల కనుమ పేరు, కొండల పేరు పెట్టుకున్నారు. మాకు బాగా నచ్చినవి ఈ రెండే. జనం ఏ పేరును నమ్ముతారో ఆ పేరే అతికించారు, అంతే.

ఇంకో తిరకాసు ఉంది. అమెరికాలో కూడా సుజుకి ఎస్టీమ్ అని ఒక కారు అమ్మారు. అది మన ఎస్టీమ్ కాదు, వేరే మోడల్. పేరు చూసి సామాను తెప్పిస్తే బిగదు. బండేదో తేల్చేది ఛాసిస్ నంబరే.

మన దగ్గర బండ్ల నంబర్లు చూడండి. 2014కు ముందు భద్రాచలమైనా, చింతూరైనా ఏపీ 20. రాష్ట్రం విడిపోయి, పోలవరం కోసం చింతూరు, కూనవరం, వీఆర్ పురం ఆంధ్రాలో కలిశాక అక్కడి కొత్త బండ్లకు తూర్పు గోదావరి నంబరు, 2019 నుంచి ఏపీ 39. ఇటు టీఎస్ 04, 2016లో కొత్తగూడెం జిల్లా అయ్యాక టీఎస్ 28, 2024 నుంచి టీజీ. ఎన్ని మారినా బండికి కాగితం దొరుకుతుంది.

మనుషులకు అలా కాదు. మనల్ని మనం కోయితూర్ అంటాం. పెళ్లి మాట వస్తే పెద్దోళ్లు అడిగేది గట్టు, వేల్పు. సర్కారు అడిగేది రాష్ట్రం. ఛత్తీస్‌గఢ్ ఎస్టీ జాబితాలో గోండు కింద కోయ, కోయితర్, దోర్ల, మురియా అన్నీ ఉన్నాయి. మన జాబితాలో కోయ కింద గుట్ట కోయ ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు ఖాళీ చేసి ఇటు అడవుల్లోకి వచ్చినోళ్లను మాత్రం పేపర్లు గొత్తికోయలు అన్నాయి. వినడానికి గుట్ట కోయలాగే ఉంటుంది, సర్టిఫికెట్ దగ్గర బిగదు.

ఎందుకంటే రాజ్యాంగం 342వ అధికరణ ప్రకారం జాబితా రాష్ట్రానికొకటి. 1990లో, అంటే మారుతి 1000 వచ్చిన ఏడాదే, ఆంధ్రలో పుట్టి మహారాష్ట్రలో మెడికల్ సీటు అడిగిన ఒక ఎస్టీ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన వలస వెళ్లిన రాష్ట్రంలో ఎస్టీ కాలేరు. ఇష్టపడి వెళ్లినవాడికీ, ఇల్లు తగలబడి పారిపోయి వచ్చినవాడికీ ఒకే లెక్క ఎలా అవుతుందో మాకు అర్థం కాదు.

ఆ గుంపుల్లో 2005 తర్వాత ఇక్కడే పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటర్, డిగ్రీ వయసుకు వచ్చారు. అప్లికేషన్‌లో కులం అనే గడి దగ్గరికొచ్చి పెన్ను ఆపి, పక్కన కూర్చున్న మనల్ని అడుగుతున్నారు, ఇక్కడ ఏం రాయాలన్నా అని.