ఒక కిలో ఇనుము

పోయిన దసరాకు ఊరికి వెళ్లినప్పుడు, కొండగట్టు ఎక్కుతుంటే బాపు కారులోంచి కాలిన వాసన వచ్చింది. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం ముసలి ఎద్దులా కదులుతోంది. ఇరవై ఏళ్ల మారుతి 800. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని చెప్పడానికి మెకానిక్ అక్కర్లేదు, ఆ వాసన చాలు.

ముత్యంపేటలో బాపుకు ఆ కారే కాలు. కోరుట్లలో డాక్టరు, మెట్‌పల్లిలో బ్యాంకు, జగిత్యాలలో చెల్లె ఇల్లు, అన్నిటికీ అదే. నాకేమో ఇంకో ఆలోచన వచ్చింది. ఎట్లాగూ గేర్‌బాక్స్ దింపుతున్నాం కదా, మామూలు క్లచ్ ఎందుకు, కాస్త గట్టిది వేద్దాం, దాంతోపాటే తేలిక ఫ్లైవీలు కూడా పెడితే పికప్ బాగుంటుంది అని. ఆ రాత్రే ఫోన్‌లో ఒక కిట్ చూసి కార్ట్‌లో వేశాను. 'స్టేజ్ 2' అని రాసి ఉంది. పొద్దున బాపుకు చూపిస్తే అంతా విని ఒకటే అడిగాడు:

"బరువు తీసేసుడే మంచిదైతే, కంపెనీవోళ్లు ముందుగాల ఎందుకు పెట్టిన్రురా?"

ఇంజనీరింగ్ చదివినవాడిని, జవాబు చెప్పగలననుకున్నాను. చెప్పలేకపోయాను. ఆ ఇనుప చక్రం కార్లలోకి ఎట్లా వచ్చిందో చదువుతూ పోతే, అది కార్లకంటే చాలా పాతదని తేలింది.

కుమ్మరి సారె చూసినవాళ్లకు ఫ్లైవీలు గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు. పాతకాలపు సారె కట్టెతో చేసిన బండిచక్రంలా ఉంటుంది. దాని అంచు చుట్టూ మట్టీ నారా కలిపి మందంగా మెత్తుతారు. కుమ్మరి ఒక కర్రతో దాన్ని గిరగిరా తిప్పి వదిలేస్తాడు. ఆ తర్వాత ఆయన రెండు చేతులూ కుండ మీదే ఉంటాయి, తిప్పే పని ఆ అంచు బరువు చూసుకుంటుంది. బరువును నడిమధ్యలో కాకుండా అంచునే ఎందుకు పెట్టారు? కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే, తిరిగే వస్తువు మొండితనం నాలుగింతలవుతుంది. ఈ లెక్కను మనం ఇంటర్ ఫిజిక్స్‌లో సూత్రంగా బట్టీ పట్టాం. సారె చేసినవాడు దాన్ని చేతితో కనుక్కున్నాడు.

యూరప్‌లో ఈ చక్రానికి గిరాకీ వచ్చింది ఆవిరి ఇంజన్ల కాలంలో. గనుల్లో నీళ్లు తోడినన్నాళ్లూ ఇంజన్ పైకీ కిందికీ ఊగితే సరిపోయింది. మిల్లులకు మాత్రం గుండ్రంగా తిరిగే ఇంజన్ కావాలి. క్రాంకు మీద 1780లో జేమ్స్ పికార్డ్ పేటెంట్ తీసుకుంటే, దాన్ని తప్పించుకోవడానికి జేమ్స్ వాట్ మరుసటి ఏడాది వేరే రకం గేర్లు కనిపెట్టి సొంత పేటెంట్ వేసుకున్నాడు. (పేటెంట్ తగాదాలు మా సాఫ్ట్‌వేర్ వాళ్లే మొదలుపెట్టారనుకునేవాడిని.) ఏ పద్ధతిలో తిప్పినా, తోపుకూ తోపుకూ మధ్య వచ్చే ఖాళీని దాటించడానికి పెద్ద ఇనుప చక్రం తప్పలేదు.

ఆ ఖాళీని మా తరం పిల్లలు చెవులతో విన్నాం. కరెంటు సరిగా లేని రోజుల్లో బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. ఇంగ్లండ్‌లో లిస్టర్ కంపెనీ 1929 ప్రాంతంలో తెచ్చిన నెమ్మది ఇంజన్, నిమిషానికి 600 చుట్లు తిరిగేది, మన దేశంలో ఎంత పాకిందంటే రాజ్‌కోట్‌లో దాని నకళ్లు చేయడమే ఒక పరిశ్రమైంది. ఒకే సిలిండరు. గాలి పీల్చడం, అదమడం, మండడం, పొగ వదలడం, ఈ నాలుగింట్లో పని చేసేది ఒక్కటే. మిగతా మూడింటికీ అప్పు ఇచ్చేది పక్కనున్న చక్రాలే. తుక్... తుక్... అని వినిపించే ఆ రెండు చప్పుళ్ల మధ్య నిశ్శబ్దంలో ఇంజన్‌ను నడిపింది ఆ ఇనుము.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలోనూ ఒకే సిలిండరు. కాబట్టి ఫ్లైవీలు పెద్దదే కావాలి. దాన్ని ఆయన పడుకోబెట్టి బిగించాడు. నిలబెడితే, తిరిగే బొంగరంలా అది బండిని మలుపు తిరగనివ్వదేమోనని భయం. తర్వాతి కార్లు ఆ భయం అక్కర్లేదని చూపించాయి.

ఆయనకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంజన్ తిరుగుతోంది, చక్రాలు ఆగి ఉన్నాయి. ఈ రెండింటినీ ఎట్లా కలపాలి? ఫ్యాక్టరీల్లో అప్పటికే వాడుకలో ఉన్న ఉపాయాన్నే తీసుకున్నాడు. ఒక షాఫ్టు మీద పక్కపక్కనే రెండు పుల్లీలు, ఒకటి షాఫ్టుకు బిగించింది, ఒకటి వదులుగా ఊరికే తిరిగేది. బెల్టు వదులు పుల్లీ మీద ఉంటే బండి ఆగి ఉంటుంది, బిగి పుల్లీ మీదికి జరిపితే కదులుతుంది. క్లచ్ అంటే అప్పటికి అంతే.

ఇక్కడ సిరిసిల్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే పాత తరహా మరమగ్గాల్లోనూ ఇదే బెల్టు, ఇవే రెండు పుల్లీలు. మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. భివండీకి వలసపోయిన పద్మశాలీలు పని నేర్చుకుని వచ్చి నిలబెట్టిన ఊరు అది. సాంచె మొదలయ్యేటప్పుడు మెల్లగా మొదలైతే కుదరదు. మొదటి దెబ్బకే నాడె పడుగు మధ్యలోంచి ఇవతలి కొస నుంచి అవతలి కొసకు చేరాలి. సగం వేగంతో కొడితే నాడె మధ్యలోనే ఉండిపోతుంది, లేదా మొదటి పేక సరిగా అదమక బట్ట మీద అడ్డంగా చార పడుతుంది. ఆ చార పడ్డ బట్టకు రేటు తగ్గుతుంది. అందుకని సాంచె క్లచ్ పట్టిందంటే పట్టాలి, జారకూడదు. ఆన్, ఆఫ్, అంతే.

కారుకు కావలసింది దీనికి పూర్తిగా తిరగబడ్డ గుణం. అది కొంచెం జారాలి, మెల్లగా పట్టాలి. తొలినాళ్ల కార్లలో ఫ్లైవీలు లోపల గరాటులా చెక్కి, దాంట్లోకి తోలు తొడిగిన ఇంకో గరాటును నొక్కేవాళ్లు. తోలు ఎండితే బండి ఎగిరి దూకేది. దాన్ని మెత్తబరచడానికి ఆముదం రాసేవాళ్లు. ఎక్కువైతే జారేది, అప్పుడు మట్టిపొడి చల్లేవాళ్లు. 1897లో ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్, రైతులు బండి చక్రాలకు బ్రేకుగా పాత బూట్లు కట్టడం చూసి మెరుగైన రాపిడి సరుకు చేయడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన పెట్టిన ఫెరోడో పేరు ఇప్పటికీ బ్రేక్ డబ్బాల మీద ఉంటుంది. తర్వాత వచ్చిన ఆస్‌బెస్టాస్ వేడిని బాగా ఓర్చుకుంది, పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు మాత్రం ఓర్చుకోలేదు. పాత స్టాకు ప్లేటు విప్పేటప్పుడు ఆ దుమ్మును గాలి పైపుతో ఊదవద్దని ఇంకా చాలా షెడ్లలో చెప్పాల్సిందే.

అంటే నూట ముప్పై ఏళ్లుగా కార్ల వాళ్లు కష్టపడింది క్లచ్ మెత్తగా జారేలా చేయడానికి. నా కార్ట్‌లో ఉన్న 'స్టేజ్ 2' ప్లేటు సిరామిక్ ముక్కలది. వేడెక్కితే అద్భుతంగా పడుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఎగిరి పడుతుంది. రేసు ట్రాక్ మీద బండి ఒక్కసారే బయల్దేరుతుంది కాబట్టి అక్కడ అది సరే. రోడ్డు మీదికి వచ్చేసరికి నేను డబ్బులిచ్చి కారుకు సాంచె క్లచ్ కొంటున్నట్టే. స్టేజ్ 1, 2, 3 అనేవి ప్రమాణాలు కూడా కావు, అమ్మేవాడి ఇష్టం.

ఒక క్లచ్ ఎంత తిప్పుడు బలాన్ని మోస్తుందో చెప్పే లెక్క చాలా చిన్నది. రాపిడి గుణకం, నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య, ఈ నాలుగింటినీ గుణించడమే. రాపిడి పెంచితే మెత్తదనం పోతుంది. నొక్కే బలం పెంచితే పెడల్ బరువెక్కుతుంది. మారుతి 800లో క్లచ్ కేబులు మీద నడుస్తుంది, ఆ బరువంతా కేబులు మీదా ఎడమ మోకాలి మీదా పడుతుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్టును అడ్డంగా నెట్టే బలం కూడా పెరుగుతుంది, దాన్ని కాచుకునే చిన్న బేరింగు అరిగితే ఇంజనే విప్పాలి. వ్యాసార్థం, ముఖాలు పెంచాలంటే చోటు ఉండాలి. ఇంతకీ ఇంజన్ బలం పెంచితేనే ఇవన్నీ అవసరం. 796 సీసీ ఇంజన్‌కు కంపెనీ క్లచ్‌లో ఇప్పటికే మిగులు ఉంది. టర్బో డీజిల్‌కు రీమ్యాప్ చేయించి బలం పెంచుకున్నవాళ్ల కథ వేరు. వాళ్లు కూడా సిరామిక్ జోలికి పోకుండా, మామూలు ఆర్గానిక్ ప్లేటునే ఉంచి ప్రెషర్ ప్లేటు ఒక మెట్టు గట్టిది చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక ఫ్లైవీలు. దీనికి కూర్చుని లెక్క వేశాను. అంచు దగ్గర, కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, ఒక కిలో ఇనుము తీశామనుకుందాం. మొదటి గేర్లో ఇంజన్ 15 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం, టైరు వ్యాసార్థం 26 సెంటీమీటర్లు. అప్పుడు ఆ ఒక్క కిలో తీయడం, బండిలోంచి దాదాపు 33 కిలోల సామాను దింపడంతో సమానం! ఇక్కడే నేను కుర్చీలోంచి లేచాను. తర్వాత టాప్ గేర్ లెక్క వేశాను. నిష్పత్తి 4 అయితే లాభం రెండున్నర కిలోలకు కూడా రాదు. అంటే కరీంనగర్ రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ ఖర్చు కనిపించదు. కనిపించేదల్లా మొదటి గేర్లో, సరిగ్గా బండిని మెల్లగా కదిలించాల్సిన చోట. పైగా ఇది మూడు సిలిండర్ల ఇంజన్. పేలుడుకూ పేలుడుకూ మధ్య 240 డిగ్రీలు, అందులో ఏ సిలిండరూ తోయని కొంత ఖాళీ. పాత ఆయిల్ ఇంజన్ నిశ్శబ్దమే ఇది, చెవికి అందనంత చిన్నదైంది. దాన్ని నింపేది ఆ కిలోనే. తీసేస్తే ఐడిల్‌లో బండి వణుకుతుంది, ఏసీ పట్టుకున్న క్షణంలో ఆగిపోతుంది.

మరీ ప్రమాదం ఏమిటంటే, కొందరు పోత ఇనుము ఫ్లైవీలునే లేత్ మీద పలచగా కోయించుకుంటారు. నిమిషానికి ఐదారు వేల చుట్లలో అది పగిలితే, ముక్కలు వెళ్లేది డ్రైవర్ కాళ్ల వైపే.

బాపు ప్రశ్నకు అసలు జవాబు నాకు ఊళ్లోనే దొరకాల్సింది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, అంటే 2015 డిసెంబరులో మూతపడక ముందు, క్రషింగ్ సీజన్‌లో గేటు ముందు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరేవి. ట్రాలీ నిండా లోడు, ముందున్న బండి నాలుగు గజాలు జరిగితే వెనకది నాలుగు గజాలు జరగాలి. రాత్రంతా అదే. బాపు అప్పుడు మా ట్రాక్టరు తానే నడిపేవాడు. యాక్సిలరేటర్ దాదాపు ముట్టుకోకుండా, కాలు మెల్లగా వదిలితే, బరువైన ఫ్లైవీలు లోడును తానే లాగి ముందుకు జరిపేది. ఇప్పుడు హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర నేను చేసేదీ అదే పని, చెరుకు లేదంతే.

కార్ల కంపెనీలు కూడా తేలిక వైపు కాక ఇంకో దిక్కు వెళ్లాయి. 1985లో జర్మనీకి చెందిన లుక్ కంపెనీ ఫ్లైవీలును రెండు ముక్కలు చేసి మధ్యలో స్ప్రింగులు పెట్టింది. డీజిల్ అదురు గేర్‌బాక్స్‌కు చేరకుండా అవి మింగుతాయి. అది పాడైతే ఖర్చు ఎక్కువని ఇప్పుడు కొందరు దాని స్థానంలో గట్టి ఒంటి ఫ్లైవీలు వేయించుకుంటున్నారు. డబ్బులు మిగులుతాయి, గేర్‌బాక్స్ కడకడ మొదలవుతుంది. ఏది ఓర్చుకోగలరో చూసుకుని వేయించుకోవాలి.

చివరికి కోరుట్లలో మామూలు ఆర్గానిక్ ప్లేటు, కంపెనీ ప్రెషర్ ప్లేటు, కొత్త రిలీజ్ బేరింగు, కొత్త కేబులు వేయించాం. ఫ్లైవీలు మీద వేడికి నీలం మచ్చలు పడి ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ పట్టించాం. ఎంత ఇనుము పోయిందని అడిగితే లేత్ అన్న నవ్వి, కింద పడ్డ పొట్టును కాలితో జరిపి చూపించాడు. చారెడు కూడా లేదు.

సాయంత్రం బాపు తానే నడుపుతానన్నాడు. ఎడమ మోకాలు నొప్పి ఉంది కదా అని నేను పక్క సీట్లో పెడల్ వైపే చూస్తూ కూర్చున్నాను. మూసిన ఫ్యాక్టరీ గేటు ముందు ఒక బర్రె అడ్డం వస్తే బండి ఆపాడు. అది పోయాక యాక్సిలరేటర్ తొక్కకుండానే క్లచ్ వదిలాడు. బండి మెల్లగా కదిలింది.

"మెత్తగున్నది" అన్నాడు.

కిట్ ఇంకా నా కార్ట్‌లోనే ఉంది. ధర తగ్గిందని అప్పుడప్పుడు మెసేజ్ వస్తుంది.