కరెంటు చట్టాలు – మనవాళ్లు (3): ఫ్రీ కరెంటుకు డబ్బు ఎవరిది?



"ఎస్సీలకు కరెంటు ఫ్రీ, ఇంకేం కావాలి?" అనే మాట హాస్టళ్లలో కూడా వినపడుతోంది. ఆ ఫ్రీకి డబ్బు కట్టేదెవరో తెలియాలంటే 1943 దాకా వెళ్లాలి.

1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. కరెంటు కూడా ఆయన శాఖ కిందే ఉండేది. 1943 అక్టోబర్‌లో విద్యుత్ విధాన కమిటీకి అధ్యక్షత వహిస్తూ ఆయన అడిగింది మన ప్రశ్నే: కరెంటు ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలోనా? పరిశ్రమలు రాకుండా పేదరికం పోదు, చవక కరెంటు లేకుండా పరిశ్రమలు రావు. ఇదీ ఆయన లెక్క. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకు ఈ అంబేద్కర్‌ని ఎవరూ చెప్పరు!

ఆ తర్వాత వచ్చిందే 1948 విద్యుత్ సరఫరా చట్టం. దాంట్లో 59వ సెక్షన్ నాకు చాలా ఇష్టం. రాష్ట్ర బోర్డు వీలైనంతవరకు నష్టం రాకుండా నడవాలి, అదీ ప్రభుత్వమిచ్చే గ్రాంటు కలుపుకున్నాక. అంతే. లాభం మాటే లేదు. 1983 సవరణలో అదే సెక్షన్ కనీసం 3 శాతం మిగులు చూపించమంది. జనానికి వెలుగివ్వడం కోసం పెట్టిన బోర్డు వడ్డీ వ్యాపారి లెక్కలోకి దిగింది.

మన రాష్ట్రంలో 1998 విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, వెనకాల ప్రపంచబ్యాంకు అప్పు. 1999 ఫిబ్రవరిలో బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చారు. రేట్లు కమిషన్ చేతికి పోయాయి. 2000లో ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు. రామకృష్ణ, బాలస్వామి, విష్ణువర్ధన్‌రెడ్డి ప్రాణాలు పోయాయి. 2004 ఎన్నికలకు అజెండా ఆ రోడ్డు మీదే తయారైందని నా నమ్మకం.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మెట్ట రైతుకు అది ఊపిరి, కాదనను. కానీ మోటారుకు బోరుండాలి, బోరుకు భూమి ఉండాలి. కూలికి పోయే మాదిగ, మాల ఇంటికి అందులో వచ్చిందేమిటి?

ఇప్పుడు అసలు సంగతి. 2003 కేంద్ర చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా ఫ్రీ ఇస్తే ఆ సొమ్ము డిస్కంకు ముందే కట్టాలి. 2013లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 50 యూనిట్లు ఫ్రీ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి అది 200 యూనిట్లయింది. ఆ డబ్బు తీసింది సబ్‌ప్లాన్‌లోంచి. మనకూ మిగతా సమాజానికీ మధ్య ఉన్న తేడా పూడ్చడానికి, కొట్లాడి 2013లో చట్టం చేయించుకున్న నిధి అది. కరెంటు ఎస్సీ ఇంటికే వెళ్తుంది కాబట్టి చట్టం అక్షరానికి తప్పు పట్టలేం. కానీ బిల్లు మాఫీ అయినంత మాత్రాన ఎకరం భూమి రాదు, సీటు రాదు. డిస్కం ఖాతా మాత్రం నిండుతుంది. మన డబ్బుతో మనకే దానం!

బిల్లు మాఫీ వద్దనట్లేదు. దాన్ని సాధారణ ఖజానా భరించాలి అంటున్నా. స్టడీ సర్కిళ్లు నడిపే మిత్రులు ఈసారి బడ్జెట్ రాగానే సబ్‌ప్లాన్ పుస్తకం తెరవండి. కరెంటు పద్దు, భూమి కొనుగోలు పద్దు పక్కపక్కన రాయండి. ఆ కాగితం పట్టుకుని మీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి.

వచ్చే భాగం: సోలార్ పార్కులు, మన అసైన్డ్ భూములు.