కణం: గింజ నుంచి గది దాకా

ధాన్యపు గింజకూ, నలుసుకూ, బొట్టుకూ సంస్కృతంలో చెల్లిన ‘కణ’ శబ్దం నిప్పుకణిక, స్వేదకణం వంటి మాటల్లో నేటికీ ఆ పాత అర్థంతోనే నిలిచి ఉంది. ఇంగ్లిషు ‘సెల్’ దారి వేరు: 1665లో రాబర్ట్ హుక్ పలుచని బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని ఖాళీ అరలకు, చిన్న గది అనే అర్థమున్న లాటిన్ ‘సెల్లా’ నుంచి వచ్చిన ఆ పేరు పెట్టాడు, నిజానికి ఆయనకు కనిపించినవి జీవం పోయిన కణాల గోడలు, అంటే సెల్యులోజుతో ఏర్పడి మొక్క కణానికి బిగువునిచ్చే కణకవచాలు. జంతు కణానికి ఆ కవచం లేదు, పదార్థాల రాకపోకలను నియంత్రించే ప్లాస్మాపొరే దాని హద్దు. కనుక ‘గది’ అన్న పేరు దానికి అంతగా అతకదు. హిందీ ‘కోశికా’, కన్నడ ‘జీవకోశ’ తొడుగు, అర అనే భావాన్నే పట్టుకోగా, తెలుగు నలుసును ఎంచుకుంది. రక్తంలో విడివిడిగా తేలే ఎర్రకణాలకు ఈ ఎంపిక చక్కగా కుదిరింది గాని, ముదిరిన మొక్క కణంలో రిక్తిక, అంటే కణరసంతో నిండి పొర చుట్టిన సంచి, కేంద్రకాన్నీ హరితరేణువులనూ అంచుకు నెట్టి అధికభాగాన్ని ఆక్రమించడం చూస్తే ‘కోశ’మే నయమనిపిస్తుంది. పైగా భౌతికశాస్త్రం కూడా ‘కణం’ అన్న మాటనే వాడుకోవడంతో, అయోమయం లేకుండా ‘జీవకణం’ అనవలసి వస్తోంది.