ఎవరు? ఏది?

ధర్మపురి తెలుగిళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆవును గురించి ‘హూ’ అనాలా, ‘విచ్’ అనాలా అని వాళ్ళు తడబడడం సహజమే.

ఇంగ్లీషులోనే ఈ గీత చాలాకాలం నిలకడగా లేదు. 1611 నాటి బైబిలు ప్రభువు ప్రార్థనలో దేవుడికే ‘విచ్’ వాడింది. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో మనుషులకు ‘హూ’, జంతువులకూ వస్తువులకూ ‘విచ్’ అని నియమం పెట్టాడు. అయినా పేరుపెట్టి పెంచుకున్న కుక్కకు ‘హూ’ అనేవారు నేడూ ఉన్నారు. ప్రశ్నలో అయితే, కొందరిలో ఒకరిని ఏరడానికి మనుషులకూ ‘విచ్’ చెల్లుతుంది.

తమిళంలో తొల్కాప్పియం నాటినుంచే మనుషులు ఉయర్‌తిణై, మిగిలినవి అఃఱిణై. ప్రశ్నలు యార్, ఎదు. తెలుగు దారి వేరు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది: క్రియ ఒక్కటే. ప్రశ్న దగ్గర విడిపోతాయి: అమ్మయితే ఎవరు, ఆవైతే ఏది. కానీ చిన్నయసూరి నీతిచంద్రిక (1853)లోలా జంతువులు మాట్లాడితే, వాటినీ ‘ఎవరు నువ్వు?’ అనే అడుగుతాం.

ఇంగ్లీషువాడి కుక్కకు దక్కిన మన్ననా ఇలాంటిదే. ఈ పోలిక చెబితే పిల్లలకు ఇట్టే బోధపడుతుంది. అయితే పక్కన పెట్టి సరిచూసుకోవడానికి ఇంటి పద్దు ఉండాలి. అది తెలుగే.