తాళంచెవి నుంచి పేర్ల జాబితా దాకా

కంప్యూటర్లో ఒక ఫైలును ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న పేచీ ఆఫీసు నెట్‌వర్కుల కంటే పాతది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ ఒకే యంత్రాన్ని చాలామందికి పంచింది. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని పాస్‌వర్డులు పెట్టారు. 1966లో ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దుతుండగా అవి తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించాయి!

తర్వాత అక్కడే పుట్టిన మల్టిక్స్, ఫైలుకు అనుమతి ఉన్నవారి పేర్ల జాబితా తగిలించింది. బెల్ ల్యాబ్స్‌లో థాంప్సన్, రిచీలు మొదలుపెట్టిన యూనిక్స్ దాన్ని యజమాని, బృందం, ఇతరులు అనే మూడు మాటలకు కుదించింది. అంత పొదుపైన ఆలోచన మా వృత్తిలో అరుదు.

మా తరం ఉద్యోగాల్లో కుదురుకునేనాటికి విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ (1992), ఆ వెనక విండోస్ 95 వచ్చాయి. వాటిలో మామూలుగా ఫోల్డరుకే పాస్‌వర్డు. అది స్టాఫ్‌రూము బీరువా తాళంచెవి లాంటిది. ఎవరి చేతికి చిక్కితే వారు తెరవవచ్చు, ఎవరు తెరిచారో తెలియదు. అదీ గట్టి తాళం కాదు. పాస్‌వర్డులో మొదటి అక్షరం సరిపోతే చాలు, తలుపు తెరుచుకునే లోపం ఒకటి 2000లో బయటపడింది.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ మాత్రం 'చెవి ఉందా' అని కాక 'నువ్వెవరు' అని అడిగింది. ఇందులో ఒక మెలిక ఉంది. నెట్‌వర్కు గుమ్మం దగ్గర ఒక అనుమతి, లోపల ఫైలు మీద ఇంకొకటి. రెండింటిలో ఏది బిగువైతే అదే చెల్లుతుంది. కొత్తగా షేర్ చేసిన ఫోల్డరు గుమ్మం 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అంటూ చాలా ఏళ్లు బార్లా తెరిచే ఉండేది. విండోస్ సర్వర్ 2003లో గానీ దాన్ని చదవడం వరకు తగ్గించలేదు. పని ఆగకూడదని అందరికీ అన్నీ ఇచ్చేసే అలవాటు మన ఆఫీసుల్లో ఇంకా పోలేదు. దాని ఖరీదు రాన్సమ్‌వేర్ వచ్చాక తెలిసింది. అది ఎవరి కంప్యూటర్లో దూరితే, ఆ మనిషికి రాసే హక్కున్న షేర్ ఫోల్డర్లన్నిటినీ పాడుచేయగలదు. పనికి ఎంత కావాలో అంతే హక్కు ఇవ్వాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు.

ఇప్పుడు క్లౌడ్‌లో 'లింకు ఉన్న ఎవరైనా' అనే వీలుతో మళ్లీ తాళంచెవి రోజులకే వచ్చాం. వాట్సాప్‌లో పడ్డ లింకు ఎన్ని చేతులు మారిందో చెప్పలేం. మన సభ్యుల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న షీటు కూడా అలాగే తిరుగుతోంది. కార్యవర్గ మిత్రులు దాన్ని సభ్యులకు పేరుపేరునా మాత్రమే తెరుచుకునేలా మార్చి, దిద్దే హక్కు ఇద్దరు ముగ్గురికే ఉంచాలని నా మనవి. ఒక పూట పని. పిలిస్తే నేనే వచ్చి కూర్చుంటాను.