మెదడులోని మంటను కోత లేకుండా కొలవడం: పెట్ స్కాన్ చరిత్ర

కాలికి దెబ్బ తగిలితే ఎర్రబడుతుంది, వాస్తుంది, నొప్పి పుడుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటాం. మరి అదే మెదడులో జరిగితే? పుర్రె లోపలిది కంటికి కనపడదు. చాలాకాలం దారులు రెండే: బతికుండగా చిన్న ముక్క తీసి చూడడం, లేదా మరణించాక పరీక్షించడం. ఈ స్థితి ఎలా మారిందో చూద్దాం.

ఎవరిని వెతకాలి?

1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా మెదడులోని ఒక రకం కణాలను విడిగా గుర్తించి, మైక్రోగ్లియా అని పేరు పెట్టారు. ఇవి మెదడు కాపలాదారులు. గాయమైనా, ఇన్‌ఫెక్షన్ సోకినా ఆకారం మార్చుకుని అక్కడికి చేరతాయి.

ఎలా చూడాలి?

1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను కనుగొన్నారు. అది ఎలక్ట్రాన్‌ను కలిస్తే రెండూ నశించి, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో వెలువడతాయి. వాటిని పట్టుకుని, అవి ఎక్కడ పుట్టాయో లెక్కగట్టేదే పెట్ స్కాన్. 1970ల మధ్యలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మైకేల్ ఫెల్ప్స్, టెర్ పొగోసియన్ తదితరులు దీన్ని మనుషులకు పనికొచ్చే యంత్రంగా మలిచారు.

ఇక కావలసింది మైక్రోగ్లియా జాడ చెప్పే ట్రేసర్. ఆ కణాల్లోని మైటోకాండ్రియాపై ఒక ప్రోటీన్ ఉంటుంది. 2006 నుంచి దాని పేరు టీఎస్‌పీఓ. దానికి అతుక్కునే పీకే11195 అనే పదార్థానికి కార్బన్-11 జోడించి నరంలోకి ఎక్కిస్తారు. 2000లో మల్టిపుల్ స్క్లెరోసిస్, 2001లో అల్జీమర్స్ రోగుల్లో ఈ పద్ధతి ఫలితాలు వెలువడ్డాయి.

చిక్కులు ఎక్కడ?

ఒకటి, కార్బన్-11 అర్ధాయువు సుమారు 20 నిమిషాలే. సైక్లోట్రాన్ పక్కనే ఉండాలి. ఫ్లోరిన్-18కు 110 నిమిషాలు కాబట్టి మరో ఆసుపత్రికి పంపవచ్చు. మన దేశంలో తొలి మెడికల్ సైక్లోట్రాన్ 2002లో ముంబైలో వచ్చింది. 2018లో కోల్‌కతాలో సైక్లోన్-30 మొదలైంది. కాబట్టి ఎవరికి ఏ స్కాన్ అందుతుందో కొంతవరకు అర్ధాయువే నిర్ణయిస్తుంది.

రెండు, పీబీఆర్28 వంటి కొత్త ట్రేసర్లు కొందరిలో సరిగా అతుక్కోలేదు. కారణం ఆ ప్రోటీన్ జన్యువులో ఒకే ఒక్క తేడా. అది తెలియకపోతే జన్యువులోని తేడాను జబ్బులోని తేడాగా పొరబడతాం. అందుకే ఇప్పుడు ముందుగా జన్యు పరీక్ష చేస్తారు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఎలుకల్లో మైక్రోగ్లియా రెచ్చిపోతే టీఎస్‌పీఓ పెరుగుతుంది. మనుషుల్లోనూ అంతే అనుకున్నారు. కానీ 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మనిషిలో ఆ సంకేతం ప్రధానంగా కణాల సాంద్రతను చూపుతుంది, అవి రెచ్చిపోయాయా లేదా అన్నది కాదు. పైగా ఈ ప్రోటీన్ ఆస్ట్రోసైట్లలో, రక్తనాళాల గోడల్లో కూడా ఉంటుంది.

మెయిన్స్‌లో ఎలా రాయాలి?

‘పెట్ ఇన్‌ఫ్లమేషన్‌ను కొలుస్తుంది’ అని రాసి ఆగిపోకండి. ‘ఇన్‌ఫ్లమేషన్‌తో ముడిపడిన ఒక ప్రోటీన్‌ను కొలుస్తుంది’ అని రాయండి. జీడీపీ పెరుగుదలను ప్రజా సంక్షేమంగా లెక్కగట్టకూడదని ఎకానమీలో చదివారు కదా, ఇదీ అంతే. సూచిక వేరు, అసలు విషయం వేరు. ఆ తేడా చూపిన వాక్యమే మీ జవాబుకు బలం.