లాల్‌దర్వాజా నుంచి శంషాబాద్ దాకా: విమానాలు చూసేవాళ్లు, వాళ్లను చూసే పోలీసులు

లాల్‌దర్వాజా అనగానే మనకు ముందు గుర్తొచ్చేది బోనాలు, సింహవాహిని మహంకాళి అమ్మవారు. ఇవాళ మాత్రం ఆ పేరులో ఉన్న దర్వాజాతో మొదలుపెడదాం. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ రాతిగోడ ఉండేది. దానికి 13 దర్వాజాలు. వాటిలో ఇప్పుడు నిలబడి ఉన్నవి రెండే, దబీర్‌పురా, పురానాపూల్. లాల్‌దర్వాజాకు పేరు మిగిలింది, దర్వాజా పోయింది.

ఏ ఊరి దర్వాజాకైనా కాపలా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి బల్లెం పట్టుకున్న సిపాయి. రెండోది, ఎదురుగా రోజూ కూర్చునే కొట్టువాడు. సిపాయి డ్యూటీ మారుతుంది, కొట్టువాడు మారడు. కొత్త మొహం కనిపిస్తే ముందు అనుమానం వచ్చేది కొట్టువాడికే. ఇప్పుడు మన ఊరి పెద్ద దర్వాజా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. మరి అక్కడ ఆ కొట్టువాడు ఎవరు? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న గురించే.

ప్లేన్ స్పాటర్లు అని ఉంటారు. విమానాన్ని చూసి అది ఏ కంపెనీది, ఏ మోడల్, తోక దగ్గర రాసిన రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి, ఇంతకుముందు ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ రాసుకునేవాళ్లు. "ఇదేం పిచ్చి" అనిపిస్తుందా? పాతబస్తీలో కబూతర్‌బాజీ చూసినవాళ్లకు అలా అనిపించదు. పావురాలు పెంచేవాళ్లు డాబా మీద నిలబడి, ఆకాశంలో తిరుగుతున్న గుంపులో తమది ఏదో, పక్కవాడిది ఏదో చెప్పేస్తారు. మనకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రోజూ చూసే కన్ను వేరు.

ఆ కన్ను దేశానికి పనికొచ్చిన కాలం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాడార్లు ఎక్కువగా సముద్రం వైపు చూసేవి. శత్రు విమానం తీరం దాటి లోపలికి వచ్చాక దాన్ని వెంటాడేది మనుషుల కళ్లే. అబ్జర్వర్ కోర్ అనే సంస్థలో వేలమంది మామూలు జనం కొండల మీద, పొలాల్లో నిలబడి, ఏ విమానం ఎటు పోతోందో ఫోన్‌లో చెప్పేవాళ్లు. విమానాలు గుర్తుపట్టడం నేర్పడానికి 1941లో ప్రత్యేకంగా ఒక పత్రికే వచ్చింది.

1941 మే 10 సాయంత్రం జరిగింది చూడండి. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న అబ్జర్వర్లు ఒంటరిగా వస్తున్న విమానాన్ని చూసి "ఇది జర్మన్ మెసర్‌ష్మిట్ 110" అని చెప్పారు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు నమ్మలేదు. అంత దూరం వస్తే తిరిగి వెళ్లడానికి దానికి ఇంధనం చాలదు కదా అన్నారు. లెక్క కరెక్టే, కానీ ఆ పైలట్‌కు ఆ రాత్రి తిరిగి వెళ్లే ఉద్దేశమే లేదు. అతను హిట్లర్ డిప్యూటీ రుడాల్ఫ్ హెస్. స్కాట్లాండ్‌లో పారాచూట్‌తో దిగాడు. గుర్తుపట్టింది మాత్రం పొలం గట్టు మీద నిలబడ్డవాళ్లే.

మరుసటి ఏడాది యుద్ధం మన తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆకాశంలో చప్పుడు వినిపిస్తే "ఎవరిది" అని అడగడం తెలుగువాళ్లకు అప్పుడు అలవాటైంది.

ఇక మన హైదరాబాద్ కథకు వద్దాం. నా దృష్టిలో అసలు కథ ఇదే. 1948. నిజాం సంస్థానం ఇంకా భారత్‌లో కలవలేదు. చుట్టూ దిగ్బంధం, నిజాం సైన్యానికి ఆయుధాలు కావాలి. భూమ్మీద దారి లేదు. అప్పుడు రంగంలోకి దిగినవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్. లాంకాస్ట్రియన్ విమానాల్లో, అంటే యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబర్‌ను మార్చి చేసిన సివిల్ విమానాల్లో, కరాచీ నుంచి తుపాకులు ఎక్కించి రాత్రిపూట తీసుకొచ్చేవాడు. బీదర్, వరంగల్ లాంటి చోట్ల దింపేవాడు. ఆ రోజుల్లో చీకట్లో వచ్చే విమానాన్ని ఆకాశంలోనే పట్టుకునే ఏర్పాటు భారత్ దగ్గర సరిగ్గా లేదు. సెప్టెంబర్ 13న మొదలైన ఆపరేషన్ పోలో 17కల్లా ముగిసింది, ఆ రవాణా కూడా ఆగిపోయింది. తర్వాత బ్రిటన్‌లో కాటన్‌కు పడిన శిక్ష ఏంటో తెలుసా? 200 పౌండ్ల జరిమానా. అంతే.

ఈ కాటన్ అంతకుముందు ఏం చేసేవాడో తెలిస్తే, పోలీసులకు కెమెరా అంటే ఎందుకంత భయమో అర్థమవుతుంది. 1939లో, యుద్ధం మొదలవక ముందు, ఇతను ఒక ప్రైవేటు లాక్‌హీడ్ విమానంలో వ్యాపారం పని మీద తిరుగుతున్నట్టు జర్మనీ వెళ్లొచ్చేవాడు. విమానం అడుగున దాచిన కెమెరాలు ఉండేవి. బ్రిటిష్ ఇంటెలిజెన్స్ కోసం జర్మన్ స్థావరాలను ఫొటోలు తీశాడు. అంటే "నేను మామూలు మనిషినండి, ఊరికే చూస్తున్నా" అనేది గూఢచారి చెప్పే మాట కూడా. అమాయకుడూ అదే చెప్తాడు. పోలీసుకు తేడా ఎలా తెలియాలి?

తెలియకపోతే ఏమవుతుందో 2001 నవంబర్‌లో గ్రీస్‌లో చూశాం. కలమాటాలో ఎయిర్‌షోకు వెళ్లిన 12 మంది బ్రిటిషర్లను, ఇద్దరు డచ్‌వాళ్లను గూఢచర్యం కింద అరెస్టు చేశారు. వాళ్ల దగ్గర దొరికింది నోట్‌బుక్కులు, వాటినిండా విమానాల నంబర్లు. సెప్టెంబర్ 11 దాడులు జరిగి అప్పటికి రెండు నెలలే. గ్రీస్ అధికారులకు ఈ హాబీ ఏంటో అర్థమే కాలేదు. 2002 ఏప్రిల్‌లో ఎనిమిది మందికి మూడేళ్లు, ఆరుగురికి ఏడాది శిక్ష వేశారు. నవంబర్‌లో అప్పీలులో నిర్దోషులని తేలింది. ఏడాది పాటు బతుకు తలకిందులైంది.

మన దేశంలోనూ జరిగింది. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో ఇద్దరు బ్రిటిష్ స్పాటర్లు దొరికారు. రన్‌వే కనిపించే గది అడిగారు, పైలట్ల మాటలు వినే రేడియో స్కానర్ పెట్టుకున్నారు. హోటల్ స్టాఫ్ పోలీసులకు చెప్పారు. చూశారా, ఇక్కడ మన కొట్టువాడు హోటల్ స్టాఫే! 26/11 అయి అప్పటికి ఏడాది పైన. హోటల్ వాళ్లను తప్పు పట్టలేం. చివరికి టెలిగ్రాఫ్ చట్టం కింద 25 వేల రూపాయల జరిమానాతో బయటపడ్డారు.

అయితే ఇదే కాలంలో ఇంకో ఆలోచన కూడా బలపడింది. 2002 నవంబర్ 28న కెన్యాలోని మొంబాసాలో ఇజ్రాయెల్ ప్రయాణికుల విమానం గాల్లోకి లేవగానే రెండు మిస్సైళ్లు పేల్చారు. అదృష్టం, రెండూ తగల్లేదు. పేల్చింది ఎయిర్‌పోర్ట్ కంచె బయటినుంచి. లోపల ఎన్ని స్కానర్లు పెడితే ఏం లాభం? కంచె బయట రోజంతా నిలబడే ఓపిక ఎవరికుంది? జీతం లేకుండా, ఎండలో, నిచ్చెన వేసుకుని మరీ నిలబడేది స్పాటర్లే.

అందుకే కొన్నిచోట్ల పోలీసులు వాళ్లను తరిమేయడం మానేసి చేరదీశారు. కెనడాలో ఒట్టావా, అమెరికాలో షికాగో ఓహేర్ లాంటి చోట్ల ఎయిర్‌పోర్ట్ వాచ్ అని గ్రూపులు పెట్టారు. పద్ధతి సింపుల్. పేరు, వివరాలు ఇస్తారు, గుర్తింపు కార్డు తీసుకుంటారు, ఫోన్ చేయాల్సిన నంబర్ దగ్గర పెట్టుకుంటారు. కంచెకు చిల్లు పడినా, గేటుకు తాళం లేకపోయినా, ఎవరైనా విమానాలను వదిలేసి గార్డులను, గేట్లను ఫొటో తీస్తున్నా చెప్తారు. తామే వెళ్లి పట్టుకోరు. పోలీసుకూ లాభమే, ముందే తెలిసిన మొహాలను పక్కన పెడితే తెలియని మొహం మీద దృష్టి పెట్టొచ్చు. కాటన్ సమస్యకు ఇది పూర్తి జవాబు కాదు, కార్డు ఉన్నవాడు మోసం చేయడని గ్యారంటీ లేదు. కానీ చూసే ప్రతివాణ్నీ తరిమేయడం కంటే నయం.

మన దగ్గర సంగతేంటి? 1999 డిసెంబర్‌లో ఐసీ 814 హైజాక్ తర్వాత, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఎయిర్‌పోర్టుల కాపలా సీఐఎస్‌ఎఫ్‌కు ఇస్తూ వచ్చారు. లోపల వాళ్లు, బయట రోడ్ల మీద లోకల్ పోలీసులు. ఫొటోల విషయంలో రూల్స్ గట్టివే. బేగంపేట నుంచి 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయాయి, కానీ అక్కడ ఎయిర్‌ఫోర్స్ ఉంది. వింగ్స్ ఇండియా షో జరిగే రోజుల్లో అనుమతించిన చోట ఫొటో తీసుకోవడం వేరు, మామూలు రోజున గోడ పక్కన ఫోన్ ఎత్తడం వేరు. 2025 మేలో అయితే, రక్షణ శాఖ ఎయిర్‌ఫీల్డ్స్‌లో విమానం లోపలినుంచి కూడా ఫొటోలు తీయొద్దని డీజీసీఏ చెప్పింది.

ఆ తర్వాత నెలే అహ్మదాబాద్ ప్రమాదం. 2025 జూన్ 12న లండన్ వెళ్లాల్సిన ఎయిర్ ఇండియా విమానం పైకి లేచి, కాసేపటికే కూలిపోయింది. లోపల ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. ప్రపంచమంతా చూసిన ఆ వీడియో తీసింది 17 ఏళ్ల కుర్రాడు. విమానాలంటే ఇష్టంతో డాబా మీద నిలబడి ఫోన్‌లో తీశాడు. పోలీసులు పిలిచి మాట్లాడేసరికి, అరెస్టు చేశారని సోషల్ మీడియాలో పుకారు లేచింది. అరెస్టు కాదు, సాక్షిగా వాంగ్మూలం తీసుకున్నామని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. పాపం, ఆ పిల్లాడు చూసిన దృశ్యమే చాలదన్నట్టు ఈ పుకారొకటి.

మీకూ ఎప్పుడైనా డాబా మీదో, ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీదో తేడాగా ఏదైనా కనిపిస్తే, లేజర్ లైట్ విమానం వైపు కొడుతున్నా, డ్రోన్ ఎగురుతున్నా, ముందు స్టేటస్ పెట్టకండి. 112కి ఫోన్ చేయండి. వీడియో ఉంటే ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి, ఎడిట్ చేయకండి. అందులో టైమ్ ఉంటుంది, పోలీసులకు కావాల్సింది అదే. మళ్లీ కలుద్దాం.